పుంగనూరులో ఆగిపోయిన ఈసీజీ

2003 వేసవి. కుప్పం, పుంగనూరు, మదనపల్లెల్లోని మూడు చిన్న ఆసుపత్రులను కలిపే కంప్యూటర్ లైన్ల బాగోగులు నేను చూసేవాణ్ణి. గుండె డాక్టరు మదనపల్లెలో మాత్రమే ఉండేవారు. కుప్పంలో తీసిన ఈసీజీ ముందు పుంగనూరు కంప్యూటరుకు చేరి, అక్కడి నుంచి మదనపల్లెకు పోయేది. లైను సన్నది కాబట్టి ఒకసారికి ఒక్క ఫైలే పోయేది. మిగిలినవి వచ్చిన వరుసలో ఆగాలి. దాన్నే క్యూ అంటాం. ఈసీజీ సగటున పన్నెండు సెకన్లలో చేరుతోందని నెల రిపోర్టులో రాసి, కొంచెం గర్వపడ్డాను కూడా.

ఒక మధ్యాహ్నం మోడెం మార్చడానికి కుప్పం వెళ్లాను. అప్పుడే వెంకటగిరికోట దగ్గరి పల్లె నుంచి గంగులప్ప అనే రైతును జీపులో తెచ్చారు. ఛాతీ మీద చెయ్యి తియ్యడం లేదు. పక్కన భార్య లక్ష్మమ్మ. అక్కడి డాక్టరమ్మ ఈసీజీ తీసి పంపింది.

"గుండెపోటే అనిపిస్తోంది. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. కానీ ఈయనకు పోయిన నెలే కడుపులో పుండు పగిలి రక్తం పోయిందట. పెద్ద డాక్టరు చూసి సరేనంటేనే ఇస్తాను" అంది నాతో.

జవాబు రాలేదు. మదనపల్లెకు ఫోన్ చేస్తే ఈసీజీ అందలేదన్నారు.

"ఎంతసేపు పడుతుంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్క నిమిషం మేడమ్."

ఐదు నిమిషాలు గడిచాయి. మళ్లీ అడిగింది. మళ్లీ అదే మాట చెప్పాను. కేబుళ్లు పీకి పెట్టాను, కొత్త మోడెం తీసి పాతది తగిలించాను. లైను బాగానే ఉంది. నా చొక్కా తడిసిపోయింది.

లక్ష్మమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఏమప్పా, ఇంగా రాలేదా? యాడ ఆగిపోయింది? ఆయప్పకి చెమట్లు కారిపోతాండాయి, సూడప్పా!"

యాడ ఆగిందో నాకూ తెలియదు. అప్పుడు గాని పుంగనూరు ఆపరేటర్ రమణప్పకు ఫోన్ చెయ్యాలని తోచలేదు.

"ఈడ టీబీ క్యాంపు జరుగుతాండాది సార్. పొద్దన్నుంచి ఎక్స్‌రేలు పంపిస్తా ఉండాము. మీ ఈసీజీ ముందర ఇంగా నాలుగుండాయి" అన్నాడు.

ఒక్కో ఎక్స్‌రే పోవడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు.

"అన్నీ ఆపెయ్ రమణప్పా."

"ఒకటి సగం పోయుండాది సార్..."

"దాన్నీ తీసెయ్యప్పా!"

కాసేపటికే మదనపల్లె నుంచి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చింది. ఈసీజీ పంపినప్పటి నుంచి ఇరవై ఆరు నిమిషాలు.

గంగులప్ప బతికాడు. నెల తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు, బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా నడిచేలోపు రెండుసార్లు కూర్చున్నానని చెప్పాడు. ఆ ఆలస్యం వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను.

"చెప్పలేం" అంది. "కానీ ఆ రోజు మీరు ఒక్క నిమిషం అనకుండా, తెలియదు అని ఉంటే, ఈసీజీ ఫోన్లోనే చదివి వినిపించేదాన్ని" అంది.

ఆ వారం కాగితాలు ముందేసుకుని వర్స్ట్ కేస్ డిలే, అంటే అన్నీ ఒకేసారి మీద పడ్డ రోజున ఎంత ఆలస్యం కావచ్చో లెక్క వేశాను. మా పద్ధతిలో దానికి హద్దే లేదని తేలింది. ఎన్ని ఎక్స్‌రేలు ముందుంటే అంతసేపు. ఎక్స్‌రేలను చిన్న ముక్కలుగా పంపేలా, ఈసీజీ వస్తే వాటిని దాటి పోయేలా మార్చాం. పోతున్న ముక్క పూర్తయ్యేదాకా ఆగితే చాలు. కుప్పం, పుంగనూరు రెండింటి నుంచీ ఒకేసారి ఈసీజీలు వచ్చినా నలభై సెకన్లు మించదని తేలాకే పడుకున్నాను.

ఆ లెక్క ఇంజనీర్ల కోసమని అంతవరకూ అనుకునేవాణ్ణి. అది ఎదురుచూసేవాళ్ల కోసం. ఎప్పటిదాకా ఆగాలో, ఎప్పుడు ఆ యంత్రాన్ని వదిలేసి వేరే దారి వెతుక్కోవాలో వాళ్లకు తెలియాలి. కుప్పంలో ఈసీజీ యంత్రం పైన గోడకు నా చేత్తో రాసిన అట్ట ముక్క అంటించి వచ్చాను: "నలభై సెకన్లు దాటితే ఆగకండి. ఫోన్ చేయండి."