‘యెస్’ అన్న ఒక్క మాట

టెక్సస్‌లోని ప్లేనో నుంచి అక్క ఫోన్ చేసి, “మీ బావ పోయారే” అంది. ఆదివారం పొద్దున లాన్‌కి నీళ్ళు పెడుతూ, పైపు చేతిలో ఉండగానే కూలబడిపోయారట. నేను వెళ్ళేసరికి ఇంటినిండా మనుషులు. అందరూ బావగారి మంచితనం గురించే చెప్పుకుంటున్నారు. ఆయన ఉండి వింటే మాత్రం ఒప్పుకునేవారు కాదు.

డెబ్బైల చివర నేను చదువుకోవడానికి అమెరికా వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను. బావగారు టెలిఫోన్ పరికరాల కంపెనీలో ఇంజనీరు. సిటిజన్‌షిప్ వచ్చిన మరుసటి ఏడాదే జ్యూరీ డ్యూటీకి రమ్మని కౌంటీ కోర్టు నుంచి పిలుపు వచ్చింది. “ఇంగ్లీష్ సరిగ్గా రాదని చెప్పెయ్, వదిలేస్తారు” అని స్నేహితులు సలహా ఇచ్చారు. “ప్రమాణం చేసినప్పుడు వచ్చిన ఇంగ్లీష్ ఇప్పుడెక్కడికి పోతుంది?” అని నవ్వి, టై కట్టుకుని వెళ్ళారు.

ఒక చిన్న షాపులో తుపాకీ చూపించి దోచుకున్న కేసు అది. ముద్దాయి టైర్ల షాపులో పనిచేసే యువకుడు. కౌంటర్‌లో ఉన్నావిడ కోర్టులో వేలు చూపించి “ఇతనే” అంది. వచ్చినవాడి టోపీ కళ్ళమీదికి ఉందనీ ఆవిడే చెప్పింది. వేరే సాక్ష్యం ఏదీ లేదు.

ఆ తర్వాతి సంగతులు బావగారు చాలాకాలానికి, నన్ను కాలేజీకి డ్రైవ్ చేస్తూ చెప్పారు. జ్యూరీలో ఉన్న పన్నెండుమందీ ఒక్క మాట మీదికి రావాలి. దోచుకున్నది అతనేనా అని మొదట ఆయనతో పాటు మరో ఇద్దరు అనుమానపడ్డారు. శుక్రవారం మధ్యాహ్నానికి ఆయనొక్కరే మిగిలారు. “మేమందరం పొరబడ్డామంటారా?” అని జ్యూరీకి పెద్దగా ఉన్న ఫోర్‌మన్ మర్యాదగానే అడిగాడట.

“కసిరి ఉంటే మొండికేసేవాణ్ణి అమ్మాయ్. మర్యాదకి లొంగిపోయాను. దోషే అని చెయ్యెత్తేశాను.”

కోర్టు హాల్లో తీర్పు చదివాక, డిఫెన్స్ లాయరు కోరితే జడ్జి ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు, ఇది మీ తీర్పేనా అని. బావగారి వంతు వచ్చింది. “యెస్” అన్నారు. ఆ రాష్ట్రంలో ముద్దాయి కోరితే శిక్ష కూడా జ్యూరీయే వేస్తుంది. తక్కువ వేయించడానికి బావగారు గట్టిగా పట్టుబట్టారు. చివరికి పదిహేనేళ్ళు వేశారు.

పై కోర్టు సరిదిద్దుతుందని ఆయన చాలా నమ్మకం పెట్టుకున్నారు. రెండేళ్ళకు ఆస్టిన్‌లో అప్పీలు కొట్టేశారని తెలిసి, సెలవు పెట్టి మరీ ఆ డిఫెన్స్ లాయర్ దగ్గరికి వెళ్ళారు. లాయరు ఓపిగ్గా విడమరచి చెప్పాడట: పై కోర్టు సాక్షులను మళ్ళీ పిలవదు, విచారణ చట్టప్రకారం జరిగిందా లేదా అన్నదే ప్రధానంగా చూస్తుంది, ఎవరి మాట నమ్మాలనేది తేల్చేది జ్యూరీయే.

“ఇక్కడ జడ్జినీ ఓట్లేసే ఎన్నుకుంటారు, ప్రాసిక్యూటర్‌నీ అంతే. ఎవరి ఓటూ అక్కర్లేనివాళ్ళం ఆ గదిలో మేమొక్కళ్ళమే. భయపడాల్సిన అవసరం లేనివాణ్ణి నేనే భయపడ్డాను” అనేవారు బావగారు.

అప్పట్నుంచి ఆయన దేనికీ గభాలున యెస్ అనలేదు. కాఫీ కావాలా అని అక్క అడిగినా ఒక్క క్షణం ఆగేవారు. తెలుగు సంఘం మీటింగుల్లో చేతులెత్తమంటే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. మేం నవ్వుకునేవాళ్ళం.

తర్వాత జైలుకు వెళ్ళడం మొదలుపెట్టారు. దక్షిణాన కొన్ని గంటల ప్రయాణం. ఆ యువకుడు మొదట్లో కలవనని కబురు పంపేవాడు. బావగారు తిరిగొచ్చేసి మళ్ళీ వెళ్ళేవారు. ఒకసారి అతను ములాఖత్ గదిలో అద్దానికి అవతల వచ్చి కూర్చున్నాడు. బావగారు తను ఎవరో చెప్పి, జరిగిందంతా దాచకుండా చెప్పారు.

“నేను చెయ్యలేదని నీకు అనిపించింది. మరి చెయ్యెందుకు ఎత్తావు?” అని అడిగాడతను.

“ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది.”

ఇదే నిజమనీ, ఇంతకంటే గౌరవంగా చెప్పుకోడానికి ఏమీ దొరకలేదనీ బావగారు నాతో అన్నారు. అతను లేచి వెళ్ళిపోయాడట. అయినా తర్వాతిసారి కలవడానికి ఒప్పుకున్నాడు. బావగారు పెరోల్ బోర్డువాళ్ళ వెంట ఏళ్ళ తరబడి తిరిగారు. మొన్న వసంతంలో, శిక్ష పూర్తికాకముందే, అతన్ని పెరోల్ మీద వదిలారు. దోచుకున్నది ఎవరో ఈ రోజుకీ తేలలేదు.

అంత్యక్రియలైన వారానికి, నేనింకా అక్క దగ్గరే ఉండగా, అతను వచ్చాడు. చెప్పులు విప్పమని ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర బూట్లు విప్పాడు. అక్క కాఫీ ఇచ్చింది. కాసేపయ్యాక, ఎన్నాళ్ళుగానో లోపల ఉన్న మాట అడిగేసింది. “ఆయన్ని క్షమించావా?”

అతను కప్పు కింద పెట్టాడు. “ఇంకా లేదు మేడమ్. ప్రయత్నిస్తున్నాను. ఆయనకూ ఇదే చెప్పాను.”

“ఆయనేమన్నారు?”

“తొందరేం లేదన్నారు.”

అక్క ఏడ్చింది. ఆయన పోయాక ఆమె గట్టిగా ఏడవడం నేను చూసింది అప్పుడే. అతను వెళ్తుంటే ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి చూశాం. వీధి చివర స్టాప్ సైన్ దగ్గర అతని పాత కారు ఆగింది. అటూ ఇటూ ఒక్క బండీ లేదు. అయినా కారు ఇండికేటర్ లైటు వెలిగి ఆరుతూ ఉండగా, ఆ ఖాళీ రోడ్డు మీద, తొందరేం లేనట్టు, అతను చాలాసేపు అలాగే ఆగి ఉన్నాడు.