రికార్డు గదిలోకి నా కార్డు ఒక్కటే

మా ఆఫీసు రికార్డు గదికి తాళం తీసేసి కార్డు మిషన్ పెట్టిన కొత్త రోజులవి. మెడలోని కార్డు గోడకున్న డబ్బాకు ఆనిస్తే కీక్‌మని తలుపు తెరుచుకునేది. ఎవరు ఎప్పుడు లోపలికి పోయారో కంప్యూటర్‌లో పడేది. ఎవరి కార్డు వాళ్లే పెట్టాలని నోటీసు అంటించారు. కానీ మా పాతబస్తీలో వెనక పెద్దమనిషి వస్తుంటే మొహం మీద తలుపు ఎవరు వేస్తారు? నేనైతే పట్టుకుని నిలబడేదాన్ని. మర్యాదలో నన్ను మించినవాళ్లు లేరని నాకో పొగరు.

ఆ సోమవారం నా వెనకే వచ్చింది అందరం బాపు అని పిలిచే ముసలి అటెండరు. ఇంకో నెలలో రిటైరవుతాడు. మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. ఆ రోజే సంతోష్‌నగర్ ప్లాట్ల ఫైలు కనిపించలేదు.

"నిన్న లోపటికి పోయింది నీ కార్డొక్కటే. ఫైలేడ వోయింది?" అన్నాడు మా ఆఫీసరు సారు. "రేపటికి దొరకకుంటే నీ కాంట్రాక్టు బందే."

బాపు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే విచారణ పెట్టి ఆయన పింఛను ఆపుతారు. చెప్పకపోతే నా ఇల్లు గడవదు. మా ఆయనకు ఒకరోజు పనుంటే రెండురోజులు ఉండదు. "తెల్వది సార్" అన్నాను. బాపుకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. జహనుమాలోని మా ఇంటికి పోయే బస్సులో దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

తెల్లారి బాపు వచ్చాడు. సంగతి వినగానే తన బల్ల సొరుగు లాగి ఫైలు తీశాడు. దారం తెగి కాగితాలు ఊడుతున్నాయని కుట్టడానికి తెచ్చుకున్నాడట. ఊడిన ఫైలు కనిపిస్తే దబ్బనం పట్టకుండా ఉండలేడు. కాగితం గది దాటకూడదన్న కొత్త నియమం ఆయన చేతులకింకా ఎక్కలేదు.

తిన్నగా సారు ముందు పెట్టాడు. "నేనే దీస్కపోయిన సార్. ఆ బిడ్డ తలుపు పట్టుకుంటే ఎనకనే పోయిన. తప్పు నాది, రాసిస్త."

సారు ఫైలంతా తిరగేశాడు. ఒక్క కాగితం పోలేదు. "రాసుడేం వద్దు. ఇగ ఎవరి కార్డు వాళ్లు పెట్టుండ్రి."

హమ్మయ్య! బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. బాపు మాత్రం నా మీదికి లేచాడు.

"నా పేరెందుకు చెప్పలే?"

"మీ పింఛన్ ఆగుతదని, బాపూ."

"నీ పొయ్యి ఆర్పి నేను పింఛన్ తింటనా? గొంతుల దిగుతదా నాకు?"

ఆ మాటకు ఏడ్చినంత, ఉద్యోగం పోతుందన్నప్పుడు కూడా నేను ఏడవలేదు.