పాత మేనేజరును పీకేసిన వైనం

ఆ రోజుల్లో నాలుగు యూనిక్స్ కమాండ్లు వచ్చినవాడికి కళ్ళు నెత్తిమీద ఉండేవి. నావి ఇంకాస్త పైనే ఉండేవేమో. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఓర్వకల్లు రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల ల్యాబు చూసుకునే పని నాది. యజమాని శెట్టిగారు శనక్కాయల వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఆయన సంతకం పెడితే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే కమలాపురంలో నాన్న వెనకాల చేనికి పోవాల్సిందే. ఆయన బెంగళూరు వేలంలో కొన్న పాతకాలపు యూనిక్స్ యంత్రం ఒకటి ల్యాబులో ఉండేది (దాని మానిటరును కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి). తెర మీద కిటికీలకు చట్రాలు వేసి, వాటిని జరిపి, మూసే ప్రోగ్రామును విండో మేనేజరు అంటారు. మేము ముద్దుగా మేనేజరు అనేవాళ్ళం. యంత్రంతో పాటు వచ్చిన మేనేజరు మెమరీనంతా తినేసేది, పైగా మహా నిదానం. ఒక కిటికీ తెరవమని చెప్పి టీ తాగి రావచ్చు. ఎవరో పుణ్యాత్ములు రాసిన తేలికపాటి మేనేజరును నెట్లో వెతికి తెచ్చి, దాని చోట పెట్టాను. యంత్రానికి ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో వరండా అవతలి మిత్రుడికి వినబడేలా అరిచాను: "పాత మేనేజరును పీకేసినాప్పా. తినేదెక్కువ, చేసేది తక్కువ." సరిగ్గా అప్పుడే శెట్టిగారి బామ్మర్ది వరండాలో వెళ్తున్నారని నాకు తెలియదు. ఆయన మా కాలేజీకి మేనేజరు (భోజనప్రియుడు కూడా).

కాసేపటికే శెట్టిగారి నుంచి పిలుపు వచ్చింది. పక్కనే బామ్మర్ది, మొహం వాడిపోయి.

"ఏమప్పా, మేనేజరును తీసేసినావంట. ఎవర్నడిగి తీసినావు?"

నా ఘనకార్యం ఇంతదాకా వచ్చిందా అని పొంగిపోయాను. "అడిగే పనేముంది సార్, పాస్‌వర్డు నా దగ్గరే ఉండాది."

"కొత్త మేనేజరుకు జీతమెంత?"

"ఫ్రీ సార్. తిండి గూడా రవ్వంతే."

శెట్టిగారు ఎంతైనా వ్యాపారి. జీతం లేని మేనేజరు అన్న మాట ఆయన మనసులో ఎక్కడో తగిలింది. శనక్కాయల బస్తాను తూకానికి ముందు చూసినట్టు బామ్మర్దిని ఎగాదిగా చూశారు. పాపం, ఆయనకు చెమటలు పట్టాయి. అప్పటికిగానీ నా బుర్ర వెలగలేదు. ఇద్దరినీ ల్యాబుకు తీసుకుపోయి రెండు మేనేజర్లనూ చూపించాను. శెట్టిగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి (ఫ్రీ మేనేజరు చేజారినందుకు కాస్త దిగులుపడి కూడా) ఆ వారంలోనే నా కాగితం మీద సంతకం పెట్టారు.

బామ్మర్ది మాత్రం నవ్వలేదు. శెట్టిగారు వెళ్ళాక మెల్లగా అడిగారు: "పాతదాన్ని పూర్తిగా తుడిచేసినావా?"

లేదనీ, లోపల భద్రంగానే ఉందనీ, లాగిన్ అయ్యేటప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చనీ చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని పాతదాన్నే ఎంచుకున్నారు. అది తెరుచుకునేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"వస్తాంది గదా. తొందరేముందప్పా?" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది.

ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో మేనేజరునే. పొట్ట కూడా వచ్చింది. పక్క గదిలో కుర్రాళ్ళు "ఆ పాతది తీసి పారేద్దాం" అనుకుంటుంటే, అది సాఫ్ట్‌వేరు సంగతేనని తెలిసినా, తలుపు దగ్గర కాసేపు ఆగి వింటాను.