పట్టు బిడ్డా

జగిత్యాలలో మా కాలేజీ లైబ్రరీలో ఇవాళ డిక్షనరీ తిరగేస్తూ 'టెన్నిస్' దగ్గర ఆగిపోయాను. 'తెనే' అనే పాత ఫ్రెంచి మాట నుంచి అది వచ్చి ఉంటుందట. బంతి కొట్టే ముందు అవతలివాళ్లను హెచ్చరించే కేక అది. అర్థం, 'ఇదిగో, పట్టుకో' అని.

దోస్తులారా, సిరిసిల్లలో మనం కలిసి పెరిగిన వాడకట్టు గుర్తుందా? టెన్నిస్ ఆట మనలో ఎవరమూ చూడలేదు కానీ టెన్నిస్ బాల్ లేని ఇల్లు లేదు. మా బంతి నూగంతా రాలిపోయి మురిక్కాలువ వాసన వేసేది. మా బాపు సాయంత్రం మరమగ్గాల కార్ఖానా నుంచి వచ్చి, జుట్టులో నూలు దుమ్ముతోనే దాన్ని అందుకునేవాడు. "పట్టు బిడ్డా!" అని అరవనిదే ఒక్కసారీ విసిరేవాడు కాదు. ఆ మగ్గాల మోతలో ఒకరికొకరు నూలు కండె విసురుకునేటప్పుడు అలా కేక వేయడం వాళ్ల అలవాటు.

"గంతగనం ఒర్రుతవేంది? ఇది కార్ఖానానా?" అనేది అమ్మ.

"చెప్పకుంట ఇసిరితే పోరి మూతి పలుగుతది" అనేవాడు బాపు.

కాలేజీకి వచ్చాక ఏ కొత్త మాట నేర్చుకున్నా ముందు ఆయనకే ఫోన్ చేసి చెప్పేదాన్ని. "గట్లనా బిడ్డా" అని సంబరపడేవాడు.

పోయిన వానాకాలం మగ్గం పక్కనే కూలబడి చనిపోయాడు. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇవాళా రాలేదు. డిక్షనరీ మూసి, ఫోన్‌లో ఆయన నంబర్ తీసి, కాసేపు ఊరికే చూశాను.

ఈ మాట చెప్పుకోవడానికి ఇక మీరే ఉన్నారు. విసురుతున్నాను, పట్టుండ్రి.