కోత నేర్చుకున్న మృత్యువు

బాపట్ల బడిలో నాతో ఇరవై రెండేళ్ళు పనిచేసిన డ్రాయింగు మాస్టారు పోయిన మంగళవారం రేపల్లెలో కన్నుమూశారు. "కాఫీ తాగి, కప్పు కడిగిపెట్టి మరీ పోయారు అత్తయ్యగారూ," అంది ఫోనులో వాళ్ళమ్మాయి. కప్పు కడిగారంటే ఆయనే, సందేహం లేదు. మర్నాడు తెనాలి నుంచి మొదటి రైలుకే బయలుదేరాను.

ఆయనకు చావు బొమ్మలంటే మహా ఇష్టం. వందల ఏళ్ళ కిందట యూరప్‌లో వేసిన బొమ్మల పుస్తకం స్టాఫ్ రూములో ఎప్పుడూ ఆయన బల్ల మీదే ఉండేది. అందులో మృత్యువు ఒక ఎముకల మనిషి. రాజునీ, బిషప్పునీ, దున్నే రైతునీ చెయ్యి పట్టుకుని నాట్యానికి తీసుకుపోతుంటాడు. "మన యముడికి దున్నపోతుంది. పాపం, ఈయన నడిచే రావాలి చెల్లెమ్మా," అనేవారు. ఈమధ్య మనవరాలి ఫోనులోని ఆటలో నల్లముసుగుతో అదే మనిషి కనిపిస్తే, కావాలని ఓడిపోతూ కూర్చున్నారట. "గెలవాలి తాతయ్యా!" అంటే, "గెలిస్తే ఆయన రాడు కదే," అన్నారట.

రిటైరయ్యాక రేపల్లెలో చర్చి సమాధుల తోట గోడ మీద ఆ నాట్యం వేస్తానన్నారు. సంఘపెద్ద షరతు పెట్టాడు: సమాధుల పండుగకు పూలు పెట్టడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరు జడుసుకున్నా సున్నం కొట్టించేస్తాం. మాస్టారు మూడు నెలలు వేశారు. రాజుకు బదులు బస్సు కండక్టరు, కొల్లూరు అరటి రైతు, పాస్టరుగారు; వాళ్ళ ముందు కొడవలితో ఆడుతూ ఎముకల మనిషి. నన్ను పిలిచి చూపించారు. నేను లెక్కల టీచరును. పక్కటెముకలు లెక్కపెట్టి, ఎడమవైపు పదమూడున్నాయన్నాను. "నిన్ను పిలవడం నాదే బుద్ధితక్కువ," అని ఒకటి చెరిపేశారు.

పండుగనాడు చెరుకుపల్లి కోత కూలీలు పూలబుట్టలు దించి గోడ ముందు ఆగిపోయారు. మాస్టారి మొహం పాలిపోయింది. సంఘపెద్ద పక్కనే ఉన్నాడు. వాళ్ళలో పెద్దామె ముక్కు మీద వేలేసుకుంది.

"ఏంటండీ మాస్టారూ, ఈయనెప్పుడూ చేలో దిగలేదా? రెండు చేతులూ కొడవలికే ఇస్తే వరిదుబ్బెవరు పట్టుకుంటారు?"

"ఈ లెక్కన పొద్దుగూకేసరికి ఒక్క వరి పన కూడా కట్టలేడు. మనకింకా చాలా టైముందిలే అక్కా!" అంది ఇంకొకామె.

సంఘపెద్ద కూడా నవ్వేశాడు. యూరప్ కొడవలికి నిలువెత్తు కర్ర ఉంటుంది, దాన్ని రెండు చేతులా పట్టాలి. మాస్టారు కొడవలిని మనది వేసి, పట్టు మాత్రం వాళ్ళది ఉంచేశారు. పెద్దామె వంగి కోసినట్టు చూపిస్తే, అక్కడే నిలబడి బొమ్మ ఎడమచెయ్యి దిద్దారు.

అయినా ఆయనకొక దిగులుండేది. "నేనున్నంతకాలం ఫరవాలేదు చెల్లెమ్మా. తర్వాత సున్నమే." ఓదార్పు కోసం అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

బుధవారం ఆయన్ని మట్టి చేసి వెనక్కి తిరిగితే, దూరానికి గోడంతా తడి సున్నం. దగ్గరికి వెళ్ళాను. ఆ పెద్దామె పెద్ద కుంచె పక్కన పడేసి, నేల మీద చతికిలబడి, నమిలిన వేపపుల్ల కొసతో సున్నం అద్దుతోంది.

"వేళ్ళ మీద పడనీకే, చూసుకో," అని పక్కనున్న పిల్లను కసురుతోంది.

తెల్లటి గోడ మీద కండక్టరూ రైతూ పాస్టరుగారూ అలాగే ఉన్నారు, వాళ్ళ ముందు ఎముకల మనిషి ఒక పాదమెత్తి నిలబడ్డాడు. ఆ పాదానికున్న అయిదు వేళ్ళ చుట్టూ, వెంట్రుకవాసి దూరంలో, సున్నం ఆగిపోయింది.