గొంతు ఆగదని పాడిన నోటికి తొమ్మిది నెలల తాళం

నా గొంతులో ఏదో తేడా ఉందని తెలిసిన రోజు, ఆలేరుకు మూడు కోసుల దూరంలోని ఒక ఊళ్లో సంఘం సభ జరుగుతోంది. నిజాం మీద పోలీసు చర్యకు ఇంకా రెండు నెలలుంది. నేను పాటల దళంలో పాట ఎత్తే మనిషిని. నేను ఎత్తితే పదిమంది వంత పాడేవారు. ఆ రోజు జనం పల్లవి మళ్లీ మళ్లీ అడిగారు. మూడోసారి ఎత్తేసరికి 'ఆగదో' అన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ముందు వరుసలో బీడీ కాలుస్తున్న ఒకతను, "గొంతు ఆగదంటివి గదనే మల్లవ్వా, గప్పుడే ఆగె" అన్నాడు. సభంతా నవ్వింది. ఆ మనిషి పేరు, ఇంటిపేరు నాకు ఈ రోజుకీ గుర్తున్నాయి. ఇక్కడ రాయడం లేదంటే మరిచిపోయానని కాదు. ఆ తర్వాత అదే మాట నాతో ఎంతమంది అన్నారో చెప్పలేను. ప్రతి ఒక్కరూ అది తమకే కొత్తగా తోచినట్టు నవ్వేవారు.

ఆ పల్లవి ఇది:

*గడి తలుపు తెరిసెదాక మా గొంతు ఆగదో*

మా వైపు పల్లెల్లో ఈ ఒక్క లైను తెలియని మనిషి ఉండడు. బర్రెలు కాసేవాళ్లు పాడతారు, బండి తోలేవాళ్లు పాడతారు, కల్లు దుకాణంలో కుండ మీద దరువేస్తూ పాడతారు. తర్వాత ఏముందని అడిగితే ఒక్కరికీ రాదు. అందుకే ఆ లైను ఎక్కడ పుట్టిందో ముందు చెప్పాలి. నా రోగం కూడా అక్కడే పుట్టింది.

మాది వెట్టి చేసే ఇల్లు. మా అక్క పోశవ్వను దొర తన గడిలోకి, కోటలాంటి ఆ ఇంట్లోకి, వడ్లు దంచడానికి పిలిపించుకుని ఆరు నెలలు ఇంటికి పంపలేదు. లోపల అక్క దగ్గుతోందని నీళ్లు మోసే ఆమె చెప్పింది. నాట్లు ముగించుకుని వచ్చిన ఆడవాళ్లం బురద కాళ్లతోనే గడి ముందు నిలబడ్డాం. నాటు పాట రాగంలోనే నేను ఆ మాట ఎత్తాను. మూడు రోజులు అలాగే పాడాం. మూడో రోజు పొద్దు వాలే వేళ తలుపు తీశారు. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నీ మల్లవ్వ పాటకు గడి తలుపు తెరుచుకుందని చెప్పుకున్నాయి.

పాటకు తెరుచుకోలేదు. అక్క ఆ మధ్యాహ్నం దంచిన బియ్యంలో నెత్తురు కక్కింది. దొరసానికి అసహ్యం వేసి ఆమెను బయటికి తోయించింది. అంతే జరిగింది. తర్వాతి చరణాల్లో నేను అదే కట్టాను. రెండో చరణం ఇది:

*తెరిసిన తలుపెనక మా అక్క దగ్గెనో*
*ఆరు నెలల దగ్గు మూట అక్క మోసెనో*

అక్క ఇంటికొచ్చాక నలభై రోజులు బతికింది. ఆమె తలను నా ఒళ్లోనే పెట్టుకునేదాన్ని. ఆమె తినగా మిగిలిన అంబలి అదే గిన్నెలో నేను తాగేదాన్ని. ఒద్దని చెప్పినవాళ్లు లేరు. దగ్గులో నుంచి దగ్గు వస్తుందని మాకు తెలియదు.

మా దళాన్ని నడిపే నర్సన్న ఆ చరణాలు వినగానే మొహం చిట్లించాడు. "రోగం ముచ్చట్లు జనానికెందుకే మల్లవ్వా? దగ్గు, నెత్తురు అంటే ఎవడన్న లేస్తడా? పల్లవి చాలు. గదే పదిపార్లు అను" అన్నాడు. అక్కను పాటలోంచి తీసేసింది ఆయనే. ఈ విషయం నేను ఎవరి ముందైనా చెబుతాను.

సభలో గొంతు ఆగిన తర్వాత ఊళ్లో వైద్యం మొదలైంది. మిరియాలు, కరక్కాయ, పటికబెల్లం. ఎవరో చెప్పారని బుగ్గ లోపలి దాకా పసుపు, సున్నం రాస్తే నోరంతా పొక్కింది. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. మెతుకు మింగితే చెవి దాకా సూది దిగినట్టుండేది. నర్సన్న మాత్రం, "పాటలకు గొంతు దాసుకో. గట్టిగ మాట్లాడకు, గుసగుసగ మాట్లాడు" అని సలహా ఇచ్చాడు. రజాకార్ల భయానికి మేం మెట్ట చెలకల్లో దాక్కుని ఉన్న రోజులవి. ఎలాగూ అందరిదీ గుసగుసే. రెండు నెలలు గుసగుసగానే బతికాను. గొంతును కాపాడుకుంటున్నానని అనుకున్నాను. నా చేతులతో నేను చేసుకున్న చెరుపు అదే.

పోలీసు చర్య అయింది. మిలిటరీ లారీలు ఆలేరు రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయాయి. పట్నంలో తలదాచుకున్న దొర పదిహేను రోజుల్లో కాంగ్రెసు తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. వెంట ఆయన మనుషులు. అక్కను వడ్లు దంచడానికి లాక్కుపోయిన వాళ్లు కూడా అందులో ఉన్నారు, వాళ్లకూ టోపీలున్నాయి. డప్పులతో ఊరేగింపు మా ఇంటి ముందు నుంచే గడికి పోయింది. వాళ్లు పాడుతున్నది నా పల్లవి. దొర కోసం గడి తలుపు రెండు రెక్కలూ తెరిచి పెట్టి, 'గడి తలుపు తెరిసెదాక' అంటూ ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. మా ఊరివాళ్లు కూడా వంత కలిపారు. రాగం తెలుసు కాబట్టి పాడారు. ఇంతకంటే కారణం నాకు కనబడలేదు.

గడప మీద నిలబడి రెండో చరణం ఎత్తాలనుకున్నాను. తెరిసిన తలుపెనక ఎవరు దగ్గారో దొర చెవిన పడాలి. ఊపిరంతా పీల్చి నోరు తెరిచాను. గుసగుస కూడా రాలేదు. గొంతు మండి, దగ్గు తెగక, నోట్లోకి వచ్చింది ఊస్తే గడప మీద ఎర్రగా పడింది. మమ్మల్ని కన్న బాపు దాని మీద బూడిద పోసి, "నీ అక్కకు గిట్లనే అయింది. ఇగ నేను ఊకోను" అన్నాడు.

మర్నాడు ఆలేరులో రైలెక్కి పట్నం పోయాం. దవాఖానలో డాక్టరు నుదుటికి అద్దం కట్టుకుని, నా నాలుకను గుడ్డతో పట్టి బయటికి లాగి, చిన్న అద్దం గొంతులోకి పెట్టాడు. "ఆ అను" అన్నాడు. నాకు వాంతి వచ్చింది. ఆయన చొక్కా మీద పడింది. తుడుచుకుని మళ్లీ పెట్టాడు.

తర్వాత నన్ను అడిగాడు, "ఏమైంది?"

"గొంతు పోయింది" అని చేత్తో చూపించాను. అంతకు మించి చెప్పలేదు. అక్క గురించి చెబితే అంటురోగం ఇల్లని తరిమేస్తారని బాపు భయం. ఆయన కూడా, "పాటలు పాడి పోయింది సారూ" అన్నాడు. పాటలు పాడితే వచ్చే వాపు అనుకుని పుక్కిలించే మందిచ్చి పంపారు. మూడు వారాలు ఆ మందే పుక్కిలించాను. ఈ తప్పు మాది.

రెండోసారి పోయేటప్పటికి నేను నడవలేకపోతున్నాను. ఆ డాక్టరే గద్దించాడు. "ఇంట్ల ఎవరికైన దగ్గుండెనా? సచ్ బోలో, నిజం చెప్పు."

బాపు తల దించుకుని చెప్పాడు. "పెద్ద బిడ్డ. ఆరు నెలలు దగ్గింది. నెత్తురు కక్కి సచ్చింది."

నా రెండో చరణం అది. నర్సన్న కోసేసిన చరణం. డాక్టరుకు కావలసిందంతా అందులో ఉంది.

ఎక్స్-రే తీశారు, కఫం పట్టి స్పుటం పరీక్ష చేశారు. "స్పుటం పాజిటివ్. లంగ్స్‌ల మచ్చ ఉంది, గొంతుల లారింక్స్ మీద అల్సర్, పుండు ఉంది. టీబీ" అన్నాడు డాక్టరు. నేను గుసగుసగా ఏదో అడగబోతే వేలు పెదవుల మీద పెట్టాడు. "బిల్‌కుల్ ఖామోష్. గుసగుస ఇంకా ఖరాబ్. ఆరు నెలలు ఒక్క మాట బయటికి రావొద్దు. అప్పుడు గొంతు మిగుల్తదో లేదో చూద్దాం."

గుట్ట మీది సానిటోరియంలో చేర్చారు. ఫినాయిల్ వాసన, చేపనూనె, మంచం పక్కన మూత ఉన్న కఫం డబ్బా. పొద్దున్నే డబ్బాలన్నీ ఒక తొట్టిలో పోసి తగలబెట్టేవాళ్లు. ఆ వాసన పట్టిన గాలిలోనే గంజి ఇచ్చేవాళ్లు. మా ఊరి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు వార్డు బయటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి, "ఏమాయెనే, గొంతు ఆగదంటివి" అని అక్కడి నుంచే నవ్వి పోయారు. నాకు పెట్టిన పళ్లెం, చెంబు మా ఇంటి వెనక దిబ్బలో పూడ్చేశారని కూడా చెప్పి పోయారు.

మాట్లాడొద్దని పలక ఇచ్చారు. నాకు అక్షరం ముక్క రాదు. పక్క మంచం మీద మేరమ్మ ఉండేది. మిషన్ బళ్లో చదువుకున్న మనిషి. పొద్దంతా నా పల్లవినే సన్నగా కూనిరాగం తీసేది. అది నాదని ఆమెకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఆమెకు దండం పెట్టి పలక చూపించాను. పట్టుబట్టి నేర్చుకున్నాను. నేను మొట్టమొదట రాసి ఆమెకు చూపించిన మాట 'చాలు'.

ఆమె చదివి, "ఏం చాలు? అక్షరాలా?" అంది.

నేను తల అడ్డంగా ఊపి ఆమె నోటి వైపు వేలు చూపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "పాడుతుంటే పీనుగులెక్క చూస్తవు, పాడకుంటే పలక పట్టుకొని పీడిస్తవు. రా, గుణింతం చెప్తా" అంది.

పొద్దున, సాయంత్రం స్ట్రెప్టోమైసిన్ సూదులు. బాపు ఎద్దుల జతను అమ్మి తెచ్చిన మందు అది. జ్వరం తగ్గింది. తల మాత్రం తిరిగేది, లేచి నిలబడితే గోడ పక్కకు జరిగినట్టుండేది. చెవుల్లో హోరు. ఆ హోరు నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఐదో నెలలో డాక్టరు అద్దం పెట్టి చూసి, "అల్సర్ మానుతాంది. షాబాష్" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే నర్సన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మంచానికి బారెడు దూరంలో నిలబడ్డాడు.

"మల్లవ్వా, కొత్తగ ఒకామెను దళంల తీసుకున్నం. పల్లవి రాగం ఆమెకు కుదుర్తలేదు. ఒక్కపారి సన్నగ అను, నేను పట్టుకపోత" అన్నాడు.

తక్కిన చరణాలు కూడా పాడతారా అని పలక మీద రాశాను. చదివి నవ్వాడు. "మల్ల అదే లొల్లి. అక్క ముచ్చట ఎవలకు కావాలె? పల్లవి అందరికి ఎరుక. అది చాలు."

నేను రాసిన 'చాలు' ఆయన నోటి నుంచి వింటే ఒళ్లు మండింది. పలక మంచం మీదికి విసిరి ఐదు నెలల మౌనం పాడుచేశాను. ఆయన మొహం మీదే గుసగుసగా రెండో చరణం మొత్తం చెప్పాను, అక్క పేరుతో సహా. ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి పోయాడు. చివరి మాట దాకా నిలబడలేదు.

సాయంత్రానికి జ్వరం తిరగబెట్టింది. మర్నాడు డాక్టరు అద్దం పెట్టి చూశాడు. "ఎవనితోని కొట్లాడినవు?" అన్నాడు. మేరమ్మ జరిగింది చెప్పింది. "ఆరు నెలల మీద ఇంకో మూడు నెలలు. ఈసారి ఆ మనిషి వస్తే గేటు కాడనే ఆపుతా" అన్నాడు. నా గొంతు పూర్తిగా రాకపోవడానికి ఆ పూట కారణమని ఆయన తర్వాత చెప్పాడు. నేను కాదనను. అయినా ఆ చరణం చెప్పినందుకు నేను చింతించలేదు.

తొమ్మిదో నెల నిండాక డాక్టరు, "ఇప్పుడు ఆ అను" అన్నాడు. అన్నాను. తుప్పు పట్టిన గిలక తిరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. వార్డులో అందరూ తిరిగి చూశారు. మేరమ్మ ఏడ్చింది. నాకు ఆ చప్పుడు నచ్చలేదు. కానీ అది నాదే.

ఇప్పుడు నా గొంతు మగవాళ్ల గొంతులా, బొంగురుగా ఉంటుంది. మాట్లాడగలను, పాడలేను. మా దగ్గరి చిన్న దవాఖానలో మొదట కఫం డబ్బాలు కడిగాను. రాత వచ్చు కాబట్టి తర్వాత రోగుల పేర్లు రాసే పని ఇచ్చారు. ఓట్ల జీపులు నా పల్లవి మోగిస్తూ దవాఖాన ముందు నుంచి పోతాయి. పెళ్లి బ్యాండువాళ్లు కూడా వాయిస్తారు. ఒకసారి ఒక జీపు ఆగింది. మందుచీటీ కోసం దిగినతను ఈల వేస్తూ, "గీ పాట తెల్సా అక్కా? మనకాడ ఇసొంటి పాట లేదు" అన్నాడు. మిగతాది చెప్పమన్నాను. "మిగతాది ఉన్నదా?" అన్నాడు. చీటీ ఇచ్చి పంపాను. అక్క పేరు, చరణాలు అన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసి పెట్టాను. అడిగినవాళ్లకు చూపిస్తాను. ఇంతవరకు అడిగింది మేరమ్మ ఒక్కతే.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే దవాఖానకు పోండి. డాక్టరు "ఏమైంది" అని అడిగితే, "గొంతు పోయింది" అని మొదటి ముక్క చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ఎవరు దగ్గారో, ఎన్ని నెలలు దగ్గారో, వాళ్ల పేరుతో సహా చివరిదాకా చెప్పండి. మా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషినీ నేను ఈ బొంగురు గొంతుతోనే అడుగుతాను. సగం చెప్పి ఆగినవాళ్లకు చీటీ రాయను. పూర్తిగా చెప్పేదాకా కూర్చోబెడతాను.