పాముపిల్లకు కట్టిన ఇల్లు

జులై నెలలో రియాద్‌లో హీటర్ కోసం తిరిగిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. చెప్పు లేకుండా రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. నేనేమో పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్ళో ఏసీలు బిగించి, బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. గదిలోని వేడిని బయటికి తోలడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. అలాంటివాణ్ణి బతా బజారులో ప్రతి కొట్టూ ఎక్కి, అద్దాల డబ్బాను వెచ్చగా ఉంచే సామానేమైనా ఉందా అని అడుగుతుంటే, కొట్టువాళ్ళు ఒకసారి నన్నూ ఒకసారి బయటి ఎండనూ చూసి తల అడ్డంగా ఊపారు. వాళ్ళ తప్పేం లేదు. నా తల పనిచేస్తోందో లేదో నాకే తెలియని రోజులవి.

డబ్బా పాముపిల్ల కోసం. పాముపిల్ల మా అమ్మాయి కోసం. అమ్మాయి దేనికోసమో మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులో నా పని పేరు టెక్నీషియన్ నుంచి సూపర్‌వైజర్‌గా మారాక ఫ్యామిలీ వీసా వచ్చింది. అంతవరకూ సులైలో కంపెనీ క్యాంపులో, ఎనిమిది మంది గదిలో కింది మంచం నాది. ఇప్పుడు మలాజ్‌లో మూడు గదుల ఇల్లు తీసుకున్నాను. క్రికెట్ ఆడుకునేంత హాలు. కడప నుంచి మా ఆవిడా, తొమ్మిదేళ్ల అమ్మాయీ దిగారు. ఎయిర్‌పోర్టులో అమ్మాయి నన్ను చూసి వాళ్ళమ్మ వెనక్కి పోయింది. కొత్త కదా అనుకున్నాను. రెండు నెలలైనా అదే వరస. అడిగితే "ఊ", తినమంటే "వద్దు". నేను హాల్లోకి వస్తే తను గదిలోకి పోతుంది. పుట్టిన దగ్గర్నుంచి నాలుగుసార్లు సెలవుకు వెళ్ళి చూశాను, రోజూ ఫోన్లో మాట్లాడాను. ఫోన్లో గలగలా వాగే పిల్ల ఎదురుగా కూర్చుంటే మూగదైపోవడమేమిటో అర్థం కాలేదు. కోపమొచ్చేది. ఎవరి మీద చూపించాలో తెలియక ఏసీ రిమోట్ మీద చూపించేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం తేల్చి చెప్పేసింది. "బడి తెరిచేలోపల పిల్ల కుదురుకుంటే సరి. ల్యాకపోతే మాకు ఎగ్జిట్ కొట్టించు, మేం పోతాం. నీ మూడు గదుల్లో నువ్వే పొర్లాడుకో."

వాళ్ళు పోతే మూడు గదులెందుకు? మళ్ళీ సులైలో కింది మంచమే. అది తలుచుకుంటే అన్నం దిగేది కాదు.

అలాంటప్పుడు ఒక శుక్రవారం పక్షుల సంతకు తీసుకెళ్ళాను. చిలకలనూ కుందేళ్లనూ దాటిపోయి, అమ్మాయి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ముందు ఆగింది. లోపల పెన్సిలంత లావు పాముపిల్ల, ఒంటినిండా నారింజ రంగు మచ్చలు. "ఇది కావాల" అంది. రెండు నెలల్లో నన్ను అడిగిన మొదటి కోరిక. ఆ క్షణంలో ఒంటెను అడిగినా తోలుకొచ్చేవాణ్ణే.

"ఏమయ్యా, మతి ఉండాదా నీకు? పామును ఇంట్లోకి తెస్తారా యాడైనా?" అని మా ఆవిడ సంతంతా వినేలా అరిచింది. అమ్మే పాకిస్తానీ భాయ్, విషం లేని జాతి, పెంచుకునేదే, ఏసీ గదిలో డబ్బా వెచ్చగా ఉంచి వారానికొక ఎలుకపిల్ల వేస్తే చాలని ఉర్దూలో సర్దిచెప్పాడు. ఎలుకపిల్లలు గడ్డకట్టించి అమ్ముతారట, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలట. ఆ మాటతో మా ఆవిడ అక్కడికక్కడే ఆటో ఎక్కి పోయేలా కనిపించింది, కానీ రియాద్‌లో ఆటోలుండవు.

పాముపిల్లను ఆ డబ్బాతోనే కొన్నాను, దానికి ఇల్లు నేనే కడతానన్నాను. సులైలో మా వర్క్‌షాపులో రెండు సాయంత్రాలు కూర్చుని అల్యూమినియం ఫ్రేముకు అద్దాలు బిగించాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. గాలికి సన్నజాలీ, పాము నెట్టినా తెరుచుకోని మూత. చివరికి సంతలోనే దొరికిన హీటింగ్ పట్టీలు కింద నాలుగు మూలలా అంటించాను. నాలుగు మూలల్లో నాలుగు థర్మామీటర్లు. ఎక్కడ చూసినా ఒకటే వేడి, అర డిగ్రీ తేడా లేదు. అలాంటి పని చేసినందుకు కంపెనీలో మెచ్చుకుంటారు. వీడియో తీసి భాయ్‌కి పంపాను.

వెంటనే ఫోన్ చేశాడు. "ఏం చేశావు భాయ్? ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలి. ఎటు పోవాలో అదే చూసుకుంటుంది."

ఒక మూల ఉక్కగా, ఒక మూల చలిగా ఉందని కస్టమర్లు తిట్టని తిట్టు లేదు నన్ను. పద్నాలుగేళ్లు తప్పనుకున్నది ఇక్కడ ఒప్పట. పట్టీలు పీకి ఒక పక్కకే పెట్టాను.

అయినా అది తినలేదు. ఎలుకపిల్లను గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, పట్టకారుతో ముందు పెడితే తల తిప్పుకుని పోయింది. మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంటూనే చిన్న గిన్నెలో పాలు పెట్టింది. మా వైపు పుట్టలో పాలు పోసేవాళ్ళను చూసి పెరిగిన మనిషి మరి. పాము పాలు తాగదని భాయ్ నవ్వాడు. వీడియోలు చూశాను. ఒకడు వేడి పెంచమంటాడు, ఒకడు తగ్గించమంటాడు, ఇంకొకడు అసలు చూడొద్దంటాడు. పాముపిల్ల పొద్దస్తమానం అద్దానికి ముక్కు రాసుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగింది. రెండు వారాలు గడిచాయి. మూడోసారీ తినకపోతే తెచ్చి ఇచ్చెయ్యమన్నాడు భాయ్. దాన్ని చూసి అమ్మాయి కూడా కంచం ముందు నుంచి లేచిపోసాగింది. బడి తెరవడానికి పది రోజులే ఉంది.

ఆ శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి అమ్మాయి కనిపించలేదు. మూడు గదులూ వెతికాం. చివరికి బీరువాకూ గోడకూ మధ్య సందులో కనిపించింది. వాళ్ళమ్మ చున్నీని బీరువా తలుపు నుంచి కిటికీ గొళ్ళేనికి కట్టి, దాని వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"ఇంత ఇల్లుండంగా ఈ సందులో ఏం చేస్తాండావు మే?" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత నన్ను చూడకుండానే అంది. "దానికి ఇల్లు పెద్దదైపోయింది నాయనా. యాడుండాల్నో తెలక తిరుగుతాంది."

"నీకు?"

"ఇది నీ ఇల్లు కాదు. నీ ఇంట్లో నీలం గుడ్డ మీద ఎర్రపూలుంటాయి. ఫోన్లో రోజూ చూసినా కదా. ఆడికి తీసకపోతావనుకున్యా."

నేను చున్నీకి ఇవతల నేల మీద కూర్చున్నాను. క్యాంపులో ప్రతివాడూ తన మంచం చుట్టూ దుప్పటి కట్టుకుంటాడు. ఎనిమిది మంది గదిలో ఆ దుప్పటి లోపలే మన ఇల్లు. వేరేవాళ్ళు బయట నిలబడి దగ్గాలి, లోపలి మనిషి రమ్మంటేనే గుడ్డ ఎత్తాలి. నాది నీలం మీద ఎర్రపూల దుప్పటి. ఆ దుప్పటి ముందు కూర్చునే తొమ్మిదేళ్లు ఈ పిల్లతో మాట్లాడాను. ఇరుకు కనిపించకూడదని ఫోన్‌కు దగ్గరగా కూర్చుని మాట్లాడాను. అద్దెకు తీసుకున్న ఈ హాల్లో మీసాలున్న కొత్తమనిషి ఎవరో తిరుగుతుంటే పిల్లకు భయం కాక ఇంకేమవుతుంది? నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచుకోలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి పని మొదలుపెట్టాం. చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ డబ్బా తీసుకుని సోల్డరింగ్ ఐరన్‌తో సన్నటి బొక్కలు పెట్టాను. ఒక పక్క కింద పట్టీ, ఇంకో పక్క చల్లదనం. దాక్కోవడానికి రెండు పక్కలా టిష్యూ చుట్టల్లోని అట్టగొట్టాలు, మూతలో నీళ్ళు. చుట్టూ నల్లకాగితం అమ్మాయే అంటించింది. పాముపిల్ల గొట్టంలోకి దూరి తల ఒక్కటే బయట పెట్టింది. నాలుగు రోజులు దాని జోలికి పోలేదు. ఐదోరోజు ఎలుకపిల్లను గొట్టం ముందు ఉంచి మూత వేశాం. గంట తర్వాత చూస్తే ఎలుకపిల్ల లేదు, పాము నడుము దగ్గర చిన్న ఉబ్బు ఉంది. అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, దాన్ని బెదరగొట్టకూడదని చేతులు వెనక్కి పెట్టుకుంది.

ఆ దుప్పటి నా పనిసంచిలోనే ఉంది. ఇన్నాళ్లూ ఏసీ గ్యాస్ గేజీలు చుట్టడానికి వాడుతున్నాను. మా ఆవిడ రెండుసార్లు ఉతికినా నూనె మరకలు పూర్తిగా పోలేదు. అమ్మాయి మంచం చుట్టూ తీగ లాగి దాన్ని కట్టాను. కట్టేసి బయటికి వచ్చి, క్యాంపులో అలవాటు కొద్దీ నిలబడి దగ్గాను.

"రా" అంది లోపల్నుంచి.

ఇంత మనిషిని ఒంగి దూరాను. అమ్మాయి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళమ్మ ఫోన్ తీసి కెమెరా మా వైపు తిప్పింది. తెరలో ఎర్రపూలు, పూల ముందు నా ముఖం. నన్ను చూడలేదు, తెరనే చూస్తూ ఉండిపోయింది.

"ఇప్పుడు వచ్చినావు నాయనా" అంది.